నగరపు బడ్జెటు: ఇచ్చువారు అడుగవలదా?

(దిల్‌సుఖ్‌నగరు పఠనమందిరమున కూడిన నగరవాసులనుద్దేశించి చేసిన ఉపన్యాసము)



ఇంటిపన్ను ఏప్రిలులో చెల్లించినచో నూటికి అయిదు తగ్గింపు కలదని మనకందరకు తెలియును. గడువు మీఱినచో నెలకు నూటికి రెండు చొప్పున అపరాధరుసుము పడుననియు తెలియును. కాని చెల్లించిన రూపాయి ఏ పద్దునకు చేరినది, ఎవరి యనుమతితో ఖర్చయినది, నడుమ ఏ పద్దునకు మరలినది అని యడుగువారెందఱు? ఇయ్యవలసినది జ్ఞాపకముంచుకొని అడుగవలసినది మఱచు ప్రజకు స్వపరిపాలనము పేరునకే మిగులును. ఈ సంగతియే నేడు మీకు విన్నవింపదలచినాము.

2007 ఏప్రిలునకు పూర్వము గడ్డిఅన్నారమునకొక మునిసిపాలిటీ, ఎల్.బి. నగరునకొక మునిసిపాలిటీ యుండెడివి. వాని రాబడి వానిదే, ఖర్చు వానిదే. ఆ నెల 16వ తేదీన 12 మునిసిపాలిటీలును, 8 గ్రామపంచాయతీలును పాత నగరముతో కలిసి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడెను. మన చిన్న పద్దు పెద్ద పద్దులో కలిసిపోయెను. 2025–26 సంవత్సరమునకు ఆ సంస్థ 8,440 కోట్ల రూపాయల బడ్జెటును ఆమోదించినది. ఆ మహాసంఖ్యలో కొత్తపేట సందులోని మురుగుకాలువ ఎక్కడనున్నదో వెదకి చూపగలవారెవరు? నగరపు ఎల్లలు ఎన్నిమార్లు మారినను, లెక్క చెప్పవలసిన ధర్మము మాత్రము మారదు.

బడ్జెటు పుట్టుక యెట్టిదో చూతము. 1955వ సంవత్సరపు నగరపాలక చట్టము ప్రకారము కమిషనరు నవంబరు 10వ తేదీలోగా మరుసటి సంవత్సరపు ఆదాయవ్యయముల అంచనాలను స్థాయీసంఘము నెదుట పెట్టవలెను. సంఘము వానిని పరిశీలించి, దిద్ది, సర్వసభ్యసభకు పంపవలెను. సభ ఫిబ్రవరి 20వ తేదీలోగా ఆమోదించవలెను. మార్చి 7వ తేదీలోగా అది ప్రభుత్వమునకు చేరవలెను. ఏప్రిలు 1న క్రొత్త సంవత్సరము మొదలగును.

ఈ మెట్లు ఊరక పెట్టినవి కావు. వ్రాసినవాడే ఆమోదించరాదు, ఆమోదించినవాడే తనిఖీ చేయరాదు అను న్యాయము వీనికి మూలము. మా వృత్తిలో చెప్పవలెనన్న, వాదియే న్యాయాధిపతి పీఠమెక్కరాదు. కాని 2014 డిసెంబరు మొదలు 2016 ఫిబ్రవరి వరకు నగరమునకు ఎన్నికైన సభయే లేదు. స్పెషలాఫీసరు పాలన నడచెను. అట్టి కాలమున అంకెలను ప్రశ్నించు నోరే యుండదు. ఎన్నిక ఆలస్యమగుట పదవులు కోరువారి చిక్కు మాత్రమే యని తలపవలదు. అది మన పన్నుడబ్బు చిక్కు.

ఇక అసలు మర్మము సవరణలో నున్నది. బడ్జెటు కాగితమున మూడు వరుసలుండును: గతించిన సంవత్సరపు వాస్తవపు లెక్క, నడచుచున్న సంవత్సరపు సవరించిన అంచనా, రాబోవు సంవత్సరపు అంచనా. పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చునది మూడవది. మనము చదువవలసినవి మొదటి రెండు. నిరుడు మన కాలువకు వ్రాసిన మొత్తము సవరించిన అంచనాలో తగ్గి, వాస్తవపు లెక్కలో ఇంకను తగ్గి, మరల క్రొత్త అంచనాలో మొదటివలెనే నిండుగా కన్పట్టవచ్చును. అట్లు ఏటేట వాగ్దానము పుట్టును. కాలువ మాత్రము పుట్టదు.

సవరణయే తప్పని మేమనుట లేదు. సంవత్సరము నడుమ అవసరము తోచినచో అనుబంధపు మంజూరు చేయుటకు సభకు అధికారము కలదు. రాబడి చాలదని తోచినచో ఖర్చు తగ్గించియో రాబడి పెంచియో సరిపుచ్చవలెను. 2020 అక్టోబరు నడుమ కుంభవృష్టి కురిసి సరూర్‌నగరు చెరువు పొంగినప్పుడు, కోదండరామనగరు మొదలగు దిగువ కాలనీలు నీట మునిగెను. ఆ వానను ఆ యేటి బడ్జెటు వ్రాసినవారు కలగనలేదు. ఆపద వచ్చినప్పుడు పద్దు మార్చుట విధి. మార్చిన పద్దును దాచుట మాత్రము అపరాధము. ఏ పనినుండి తీసి ఏ పనికిచ్చిరో, ఆగిన పని మరల ఎప్పుడు మొదలగునో అదే కాగితమున చెప్పవలెను.

అప్పుల సంగతియు నిట్టిదే. నగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో నూటికి 8.90 వడ్డీకి 200 కోట్లు, ఆగస్టులో 9.38 వడ్డీకి 195 కోట్లు, 2019 ఆగస్టులో 10.23 వడ్డీకి 100 కోట్లు బాండ్ల మూలమున తెచ్చెను. ఆ సొమ్ము నుద్దేశించిన పెద్ద రహదారుల పథకములోనివే ఎల్.బి. నగరు కూడలి వంతెనలును, చింతలకుంట అండర్‌పాసును. వంతెనపై సుఖముగ పోవుచున్నాము, సంతోషమే. కాని వడ్డీ ఏటేట తప్పక కట్టవలసినది. వంతెనకు తెచ్చిన అప్పుపై వడ్డీ, వీధి ఊడ్పించుటకును దీపము వెలిగించుటకును ఉన్న రాబడినుండియే పోవలసివచ్చిన, ఆ సంగతి ముందే సభలో తేలవలదా?

పూర్వము పురపాలకులు చేతికి వచ్చినది, చేతినుండి పోయినది మాత్రమే వ్రాసికొనెడివారు. 2004లో వెలువడిన జాతీయ పురపాలక లెక్కల నిబంధనావళి జంటపద్దు పద్ధతిని సూచించినది. దాని ప్రకారము రావలసిన పన్ను బకాయి, కంట్రాక్టరున కియ్యవలసిన బిల్లు, పడిన వడ్డీ అన్నియు లెక్కకెక్కవలెను. బిల్లు చెల్లింపనంత మాత్రమున బాకీ తీరదు గదా! ఇంటి యజమాని పచారీకొట్టు ఖాతాను మఱచి, జేబులోని నోట్లనే చూచి మురిసిన, ఆ కాపురము ఎన్నాళ్లు నిలుచును? పిదప తనిఖీ నివేదిక వచ్చును. అది వచ్చునప్పటికి దానిని చదువువారు లేకున్న, చెదలకు విందు.

మేము మిమ్ము కోరునది మూడే పనులు. ఈ పఠనమందిరమున పత్రికల సరసనే బడ్జెటు ప్రతిని, తనిఖీ నివేదికను ఉంచవలెను. ప్రతి కాలనీవారు తమ వార్డులోని ఒక్క పనినెన్నుకొని, మూడు వరుసలలో దాని అంకెలను వెంబడింపవలెను. అంకె దొరకనిచో 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టవలెను. 30 దినములలో జవాబియ్యవలెనని ఆ చట్టమే నిర్ణయించినది. అర్జీలు వ్రాసిపెట్టుటకు మేమును, మాతోడి వాలంటీర్లును సిద్ధముగ నున్నాము.

ఇది అసాధ్యమను నిరాశాపరులకొక మాట. బ్రెజిలు దేశమున పోర్తో అలెగ్రె నగరవాసులు 1989 మొదలు పేటలవారీగా సభలు చేసి, ఏ పని ముందో తామే నిర్ణయించిరి. మన దేశమునను పూనా నగరము 2006లో ప్రజల సూచనలను బడ్జెటులో చేర్చుకొన మొదలిడినది. వారికి చేతనైనది మనకేల చేతకాదు?

ఓటు అయిదేండ్ల కొకమారు వచ్చును. అదియు ఒక్కొకప్పుడు ఆలస్యముగ వచ్చును. బడ్జెటు ఏటేట వచ్చును. నవంబరు రాకముందే మన అర్జీలు సిద్ధము కావలెను; ఫిబ్రవరి దాటిన పిదప కేకలు వేసి ప్రయోజనము లేదు. రండు, పద్దు విప్పించుదము.