దమ్ము ట్రాక్టర్‌కి ఏ ఆయిల్ పొయ్యాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ వైపు వెళ్లినా నన్ను అడిగేది ఒకటే: "చిక్కటి ఆయిల్ చెప్పండి, తక్కువ ధరలో." చేత్తో చూసి చిక్కదనం తేల్చొద్దండీ. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది చూడండి, ఆ 40 అనేది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే నంబరు. పక్కనే సీహెచ్-4, సీఐ-4 లాంటి ఏపీఐ గ్రేడ్ ఉంటుంది. మీ బండి మాన్యువల్లో ఏది రాసుందో అది తీసుకోండి.

ఇంజన్ ఆయిల్ నల్లబడిందని కంగారుపడతారు. డీజిల్ ఇంజన్లో అది మామూలే, మసిని తనలో పట్టి ఉంచుతోందన్నమాట. భయపడాల్సింది వెనక హౌసింగ్‌లో ఆయిల్ తెల్లబడినప్పుడు! మన డెల్టాలో దమ్ము రోజుల్లో బండి గంటల తరబడి నీళ్లలో, బురదలోనే తిరుగుతుంది. యాక్సిల్ సీలు అరిగితే నీళ్లు లోపలికి పోతాయి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలెక్కువైన టీలా కనపడుతుంది. అప్పుడు పైన ఇంకో లీటరు కలిపితే ఏం లాభం? సీలు మార్చి, మొత్తం దించేసి, కొత్తది పొయ్యాలి. ఖర్చే, కాదనను. కానీ గేర్లు, బేరింగులు, లిఫ్ట్ పంపు పోతే ఆ ఖర్చు వేరు, సీజన్లో బండి ఆగిపోవడం వేరు.

ఆయిల్ బ్రేకుల ట్రాక్టరైతే ఇంకో జాగ్రత్త. గేర్లు, బ్రేకులు, చాలా మోడళ్లలో లిఫ్ట్ కూడా ఆ ఒక్క ఆయిల్‌తోనే నడుస్తాయి. దానికి యూటీటీఓ రకం కావాలి. మామూలు 90 గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, సరిగా పట్టవు.

కోత మిషన్లు, పొక్లెయిన్ల హైడ్రాలిక్ ఆయిల్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండి.