మంద కావలి కుక్క

(కలువాయి యాదవ వార్షిక సభయందు చేసిన ఉపన్యాసము)



పశుసంపద మన కులమునకు మూలధనము. పచ్చికబయళ్లకై, పుల్లరికై కాటమరాజు నెల్లూరి నల్లసిద్ధితో పోరిన కథ వినని యాదవుడుండడు. అట్టి ధనమును రాత్రియెల్ల కాచి, ప్రతిఫలముగా పిడికెడు సంకటి పొందు జీవియొకటి మన మందలలో గలదు. అదియే కావలికుక్క. ఋగ్వేదమున పణులు దాచిన గోవుల జాడ తీసినది సరమ యను దేవశుని. కావున నీ విషయము సభకు తగనిదని యెవరును తలంపకుందురుగాక.

గొఱ్ఱెలతో నుండు కుక్కలు రెండు తెఱగులు. కాపరి యీలకును సైగకును లోబడి మందను మలపి తోలునది యొకటి. స్కాట్లండు సరిహద్దులలోని కోలీ యిట్టిది. గొఱ్ఱెలలో దానును ఒకటియై మెలగి, క్రూరమృగము వచ్చినపుడు ఎదిరి నిలుచునది రెండవది. మొదటిదానికి చుఱుకుదనము ప్రధానము. రెండవదానికి శాంతమును స్థైర్యమును ప్రధానములు.

ఈ రెండవ తెఱగునందు మన దేశమున పేరుగన్నది హిమాచలప్రదేశపు గద్దీ కుక్క. చంబా, కాంగ్డా సీమల గద్దీలు మనవలెనే గొఱ్ఱెలను మేకలను మేపుకొని జీవించువారు. వేసవిలో కొండమీది పచ్చికలకును, చలికాలమున దిగువ ప్రదేశములకును మందలతో వలసపోవుదురు. వారి కుక్క పెద్ద తలయు, బలిసిన మెడయు, దట్టమైన బొచ్చును గలది. చిఱుతపులి గొంతు పట్టును గనుక దాని మెడకు ముండ్లుగల యినుపపట్టీ తొడుగుదురు. కర్నాలులోని జాతీయ పశుజన్యువనరుల సంస్థ యిటీవల దీనిని దేశీయజాతిగా నమోదు చేసినది. ఈ పట్టీ క్రొత్తది కాదు. రెండువేల యేండ్లకు పూర్వమే రోమను గ్రంథకర్తయగు వర్రో, మేకులు దిగగొట్టిన తోలుపట్టీని గూర్చి వ్రాసెను. అతని తరువాతివాడగు కొలుమెల్లా, మసకచీకటిలో తోడేలని భ్రమించి కాపరి తన కుక్కనే కొట్టకుండుటకై మందకు తెల్లకుక్కను కోరెను.

అట్లయిన గద్దీ కుక్కలను కొని తెత్తమా యని యువకులడుగవచ్చును. వలదనియే నా మనవి. మంచుకొండలకు తగిన బొచ్చు మన రోహిణికార్తె యెండలలో దానికి బాధాకరమగును. అంతకుమించి, జాతి యొక్కటియే కావలికుక్కను చేయజాలదు, పెంపకమును కావలయును.

1833వ సంవత్సరమున చార్లెసు డార్విను దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున చూచినది వినుడు. అచ్చట కుక్కపిల్లను పసితనముననే తల్లినుండి వేఱుచేసి, దినమునకు మూడు నాలుగు మాఱులు గొఱ్ఱెపాలు కుడిపి, దొడ్డిలోనే ఉన్నితో పడక యమర్చుదురు. ఇతర కుక్కలతోను, ఇంటి పిల్లలతోను కలియనీయరు. పెరిగిన పిమ్మట అది మాంసమునకై యింటికి వచ్చినపుడు ఇంటికుక్కలు తఱుమగా పరుగిడును. మందను చేరినంతనే వెనుదిరిగి మొఱుగును. అంత నా కుక్కలే పలాయనమగును. దాని బలము దేహమునందుకంటె మందతోడి బంధుత్వమునందే గలదు.

అమెరికాలోని నవాహో జాతివారి మందలను పరిశీలించి హాల్ బ్లాకు అను పండితుడు 1981లో వ్రాసిన వ్యాసమును దీనినే బలపఱచుచున్నది. వారివి పేరులేని సంకరపు కుక్కలే; పసినాటినుండి గొఱ్ఱెలతో పెరిగినందున కావలి నేర్చినవి. అదే దేశమున కాపింజరు దంపతులు బహుసంఖ్యాకములగు కుక్కలను పరీక్షించి, గొఱ్ఱెను బాధింపకుండుట, మందను విడువకుండుట, శత్రువు నెదిరించుట అను మూడు గుణములను కావలికుక్కకు లక్షణములుగా నిర్ణయించిరి. దేహపరిమాణము ఈ మూటిలో లేదని గమనింపుడు.

కావున జోడిపి, పల్ల గొఱ్ఱెలను మేపు మనము చేయదగినదేమి? నెమ్మదిగల తల్లికి పుట్టిన మంచి కూనను, పాలు మఱచిన వెంటనే గొఱ్ఱెపిల్లల దొడ్డిలో నుంచవలెను. ఆహారము నచ్చటనే పెట్టవలెను. ప్రాయము వచ్చువఱకు ఆటగా పిల్లలను తఱిమినచో అప్పుడే యదలింపవలెను. పచ్చి కార్జమును, ఊపిరితిత్తులను దానికి వేయరాదు. వానిలోని నీటిబుడ్డలవలన కుక్క కడుపున పురుగులు చేరి, వాని గ్రుడ్లు మరల గొఱ్ఱెలకును మనుష్యులకును సోకును. చచ్చిన గొఱ్ఱె మాంసము కుక్కకు పెట్టరాదని వర్రోయు చెప్పెను. రుచి మరగినచో అది గొఱ్ఱెను విడువదని యాతని భయము. ఏటేట రేబీసు టీకా వేయింపవలెను.

వెలిగొండల యంచున మేపువారికి చిఱుతపులి భయము లేకపోలేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణచట్టమును బట్టి దానిని గాని తోడేలును గాని చంపుట నేరము. కళేబరమునకు విషము పూసినచో ముందు చచ్చునది మన కుక్కయే. చట్టమునకును, ధర్మమునకును సమ్మతమైన రక్షణము మేలుకొనియుండు కుక్కయే. తిండిలేక ఊరిలో తిరుగు కుక్కల గుంపు గొఱ్ఱెపిల్లలపై పడుట మీరెఱిగినదే. ఆ కూనలలో నొకదానిని నేడు దొడ్డిలో పెంచితిమేని, రేపు ఆ గుంపునే తఱుమును.

కనుక ఈ సభకు వచ్చిన ప్రతి మందవాడును ఈ యేడు ఒక్క కూననైనను గొఱ్ఱెపిల్లలతో కూర్చి పెంచునుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.