ఫ్యాను లెక్క
(మురుగమల్లలో ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగం)



నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా ఈరోజు ఒక ఫ్యాను లెక్క చెబుతాను.

మన వైపు రైతులు ఉర్లగడ్డ పండిస్తారు. విత్తనపు గడ్డను కోల్డ్ స్టోరేజీలో 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఫ్యాన్లు చలిగాలిని బస్తాల మధ్యకు తోస్తాయి. అయితే ఫ్యాను తిన్న కరెంటంతా వేడిగా మారి ఆ గదిలోనే మిగులుతుంది. దాన్ని బయటికి పంపడానికి కంప్రెసర్ మళ్ళీ కరెంటు తినాలి. ఒకే అప్పుకు రెండుచోట్ల వడ్డీ కట్టినట్టు!

డ్రైవు అనే పరికరంతో ఫ్యాను వేగం సగం చేస్తే, కరెంటు సగం కాదు, సుమారు ఎనిమిదో వంతుకు దిగుతుంది. అంటే రూపాయికి రెండణాలు. వేగం ఐదో వంతు తగ్గించినా దాదాపు సగం ఆదా.

నా సర్వీసులో ఒక యజమాని బిల్లుకు భయపడి, రాత్రుళ్ళు ఫ్యాన్లు పూర్తిగా ఆపించాడు. మూల బస్తాల్లో గడ్డ మొలకెత్తింది, కుళ్ళింది. ఆ సరుకు రసీదుల మీదే రైతులు మా దగ్గర అప్పు తీసుకున్నారు. వారికి నోటీసులు రాసిన చెయ్యి నాదే. ఒక రైతు కొడుకు ఆ ఏడు కాలేజీ మానేశాడు.

ఆపడం వేరు, తగ్గించడం వేరు. కొత్త సరుకు నింపినప్పుడు పూర్తి వేగం ఉండాలి. గడ్డ లోపలిదాకా చల్లబడ్డాకే, మూలమూలనా థర్మామీటరు చూసుకుంటూ తగ్గించాలి.

ఎలక్ట్రికల్ డిప్లొమా చదివే పిల్లలు ఎవరైనా స్టోరేజీకి వెళితే, పూర్తి వేగంలో ఒక రోజు, తగ్గించి ఒక రోజు మీటరు రీడింగు రాసుకురండి. లెక్క నేను చూసిపెడతాను.