శనివారం కబుర్ల పుస్తకం

(మన బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. కరెంటు ఇంజనీరుని కాబట్టి విద్యుత్తు గురించి చెబుతానని కార్యదర్శి గారు ఆహ్వాన పత్రికలో అలాగే వేయించబోయారట. నేనే ఆపించాను. కరెంటు సంగతులు ఎక్కడైనా చెప్పొచ్చు. మన బడిలో శనివారాల సంగతి ఇక్కడ తప్ప ఇంకెక్కడ చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

ఇక్కడున్న చిన్నవాళ్ళ కోసం కొంచెం చెబుతాను. అప్పటికి మండలాలు లేవు, మనది సమితి బడి. రెండు గదులు, ఒక వసారా, పైన పెంకులు. అయిదు తరగతులకి ఇద్దరు మాస్టార్లు. సోమవారం పొద్దున్నే వరసలో నిలబెట్టి గోళ్ళు చూసేవారు. రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు ఎక్కాలు. శుక్రవారం సాయంత్రం బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి నల్లబల్లకి పూసేవాళ్ళం. ఆ పని నాకు పడితే చేతులు ఆదివారం దాకా నల్లగానే ఉండేవి. మా అమ్మ తిట్లు మామూలే. శనివారం మధ్యాహ్నం గోధుమ రవ్వ ఉప్మా తిన్నాక బాలసభ. పాటలు, పద్యాలు, పొడుపుకథలు అయ్యాక, చివర్లో ఇంటి కబుర్లు.

పెద్ద మాస్టారి దగ్గర కోమటి కొట్లో వాడే పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి ఉండేది, ఎర్రగుడ్డ అట్టది. వంతుల ప్రకారం ఒక్కొక్కళ్ళం లేచి ఆ వారం మన ఇంట్లో ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, అంతే. ఆయన తేదీ వేసి రాసుకునేవారు. ఫలానా వాళ్ళ గేదె ఈనింది, పెయ్యదూడ. ఫలానా వాళ్ళ అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి బందరు వెళ్ళింది. అక్కని చూసుకోవడానికి పెళ్ళివారొచ్చారు, పకోడీలు మిగిలాయి. ఈ పకోడీల కబురు చెప్పినావిడ ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు. ఆ సంబంధం కుదరలేదు, పకోడీలు మాత్రం మా అందరికీ వచ్చాయి.

ఒకసారి నా వంతు వచ్చినప్పుడు, "మా నాన్న అమ్మ గొలుసు పట్టుకుని తాకట్టు కొట్టుకి వెళ్ళాడు మాస్టారూ" అన్నాను. నాకదేదో గొప్ప ప్రయాణంలా అనిపించింది మరి. ఆయన కలం పక్కన పెట్టి, "నాన్నగారిని అడిగి, చెప్పొచ్చంటే వచ్చేవారం చెప్పు" అన్నారు. రాయలేదు. నేను ఇంట్లో అడగనూ లేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు నా గిన్నెలో ఉప్మా రెండు గరిటెలు పడింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తట్టలేదు.

సబ్‌స్టేషన్‌లో పని చేసినవాళ్ళకి తెలుస్తుంది. మీటరు ఎంత అన్నదే చెబుతుంది. ఎందుకు పెరిగింది, ఎందుకు పడిపోయింది అన్నది షిఫ్టులో ఉన్నవాడు లాగ్ బుక్‌లో రాస్తేనే తెలుస్తుంది. హాజరు పట్టీలో మనం రాకపోతే ఒక గుర్తు పడుతుంది, అంతే. వాళ్ళమ్మకి జ్వరం, చంటిదాన్ని ఎత్తుకోవడానికి ఉండిపోయాడు అన్నది ఆ ఎర్ర పుస్తకంలో ఉండేది. ఇప్పుడు హాజరు ఫోనులో వేస్తున్నారు. వేయండి, తప్పులేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. 1977 నవంబరు 19 శనివారం. నేను నాలుగో తరగతి. ఆ రోజు బాలసభ జరగలేదు. పొద్దుటి నుంచీ గాలీ వానా. రాత్రికి ఏమైందో ఇక్కడ తలలు నెరిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉప్పెన మన ఊరి దాకా రాలేదు గానీ గాలి వచ్చింది. బడి పెంకులన్నీ ఎగిరిపోయాయి. కోతకొచ్చిన వరి నేలకి పరుచుకుంది. కింద కోడూరు, నాగాయలంక వైపు సముద్రమే ఊళ్ళ మీదకి వచ్చింది. చచ్చిపోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. స్తంభాలు పడిపోయి వారాల తరబడి కరెంటు లేదు. కొత్త స్తంభాలు పాతే లైనుమన్ల వెనకాల తిరిగి తిరిగే నాకీ వృత్తి మీద మోజు పుట్టింది. అది వేరే కథ.

నెల రోజులకి రామాలయం అరుగు మీద బడి పెట్టారు. మొదటి శనివారం మాస్టారు, "ఇవాళ ఒక వాక్యం చాలదు, ఎవరికెంత కావాలంటే అంత చెప్పండి" అన్నారు. ఒకమ్మాయి వాళ్ళింటి తలుపు మూడు పొలాల అవతల దొరికిందని చెప్పింది. మా ఏడు కొబ్బరిచెట్లలో రెండే మిగిలాయని నేను చెప్పాను. పుస్తకం ట్రంకుపెట్టెలో ఉండబట్టి బతికింది, అంచులు మాత్రం తడిసి ఉబ్బాయి. ఆ తడి అంచుల కాగితాల మీదే ఆయన చీకటి పడేదాకా రాశారు.

సంక్రాంతి వెళ్ళాక మా తరగతిలో కొత్తగా ఒక అబ్బాయి చేరాడు. సముద్రం వైపు ఊరు వాళ్ళది. ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండేవాడు. ఎందుకున్నాడో ఊరంతా తెలుసు. వాడి పేరు చెప్పను. ఈ విషయం మాట్లాడతానని ముందే అడిగితే, పేరు లేకుండా అయితే చెప్పుకో అన్నాడు. నాలుగైదు శనివారాలు వాడి వంతు వచ్చినా తల అడ్డంగా ఊపేవాడు. మాస్టారు పక్కవాడిని లేపేవారు. తర్వాత ఒక శనివారం లేచి నిలబడి, "మా చెల్లికి పన్ను ఊడింది మాస్టారూ. పేడముద్దలో పెట్టి కప్పు మీదకి విసిరాం" అన్నాడు.

నేనూరుకోవచ్చు కదా. లేచి, "అబద్ధం మాస్టారూ, వాళ్ళ చెల్లి ఉప్పెనలో పోయింది, మా అమ్మ చెప్పింది" అన్నాను. నిజం చెప్పానన్న గర్వం కూడా ఉంది నాకు.

అరుగు మీద ఎవరూ కదల్లేదు. మాస్టారు నన్ను కొడతారనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. వాడితో, "ఏ పన్నురా?" అన్నారు. "పై పన్ను మాస్టారూ." రాసుకున్నారు, తేదీ వేసి. అప్పుడు నాతో, "అది నీ ఇంటి కబురు కాదు, కూర్చో" అన్నారు. దెబ్బ కొట్టినా మర్చిపోయేవాడిని.

వేసవి సెలవుల దాకా ప్రతి వారం వాడు చెల్లి కబురే చెప్పాడు. రెండో ఎక్కం వచ్చిందనీ, గోరింటాకు పండిందనీ, చింతకాయ తిని జ్వరం తెచ్చుకుందనీ. మేమెవరం నోరెత్తలేదు. మాస్టారు ఒక్కటీ వదలకుండా రాశారు. జూన్‌లో బడి తెరిచాక మొదటి శనివారం వాడు లేచి, "మా మావయ్యోళ్ళ గేదె ఈనింది, దున్నదూడ" అన్నాడు. మాస్టారు అదీ రాసుకుని, "జున్ను తెస్తావా?" అన్నారు. సోమవారం తెచ్చాడు. ఆకుల్లో పెట్టి అందరికీ పంచారు. వాడే నాకు పెట్టాడు, పక్కవాళ్ళకి పెట్టినంతే. నేను వాడికి క్షమాపణ చెప్పింది మాత్రం మాకు నలభై దాటాక, బెజవాడ బస్టాండులో, బస్సు కదులుతుండగా. వాడికి వినిపించిందో లేదో అడగలేదు.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. పోయిన దసరాకి వాళ్ళింట్లో వాళ్ళు ఆ పుస్తకాన్ని మన సంఘానికి ఇచ్చారు. సగం చెదలు తినేశాయి. 1978 పేజీలు కొన్ని మిగిలాయి. సావనీర్‌లో వేద్దామని ఆ పేజీలు విడదీస్తుంటే ఈ కబురు కనిపించింది. ఒక్క లైను. వాడికి ఫోను చేసి రమ్మన్నాను. వచ్చాడు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేయొద్దంటాడనుకున్నాను.

"పై పన్ను కాదురా, కింది పన్ను. భయమేసి అప్పుడు తప్పు చెప్పాను. ఉప్పెనకి వారం ముందు ఊడింది, నేనే విసిరాను. అచ్చు వేసేటప్పుడు సరిచెయ్యి" అన్నాడు.

మా లాగ్ బుక్‌లో రాసింది చెరపకూడదు, సవరణ కింద రాసి సంతకం పెట్టాలి. సావనీర్‌లో ఆ పేజీని ఉన్నది ఉన్నట్టే వేస్తున్నాం. దాని కింద "కింది పన్ను" అని వాడి చేత్తోనే రాయించాం.

సెలవు.