మిరపకాయ ఏ ఊరిది?



ఇవాళ ఇంట్లో ఏం వండారు? పప్పు కావచ్చు, వంకాయ కావచ్చు. అందులో కారం వేయనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉండరు. కూర లేని పూట ఇంత కారం, ఉప్పు, నూనెచుక్క కలుపుకొని తినేవాళ్లూ ఉన్నారు. అలాంటి మిరపకాయ మన దేశపు కాయ కాదంటే నమ్ముతారా? అది సముద్రాలు దాటి వచ్చింది. వచ్చి సుమారు అయిదు వందల ఏళ్లయింది.

శ్రీనాథ కవి పలనాడులో తిరిగాడు. అక్కడి జొన్నకూడు తిన్నాడు. మిరపకాయను మాత్రం చూడలేదు. తిరుపతి వెంకన్న మీద పాటలు కట్టిన అన్నమయ్య 1503లో కాలం చేశాడు. ఆయనా దాని రుచి ఎరిగి ఉండడు. మరి అప్పటి కూరల్లో ఘాటు ఎక్కడిది? మిరియాలది. మిరియాలు, అల్లం, పిప్పళ్లు. అంతే.

మిరియాల తీగకు నీడ కావాలి, మంచి వాన కావాలి. కేరళ కొండల్లో అది బాగా కాస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటే రోము దేశపు ఓడలు దాని కోసం వచ్చేవి. బంగారు నాణేలు ఇచ్చి మిరియాలు కొనుక్కుపోయేవి. 408వ సంవత్సరంలో శత్రువులు రోము నగరాన్ని చుట్టుముట్టారు. ఊరిని వదిలిపెట్టాలంటే బంగారం, వెండి ఇవ్వమన్నారు. వాటితో పాటు మిరియాలు కూడా అడిగారు. ఎంతో తెలుసా? ఇప్పటి లెక్కలో దాదాపు వెయ్యి కిలోలు! అదీ మిరియం విలువ.

తరవాత ఆ వ్యాపారం అరబ్బుల చేతుల్లోకి పోయింది. వాళ్ల దగ్గర వెనిస్ షావుకార్లు కొనేవాళ్లు. చేతులు మారినకొద్దీ ధర పెరిగేది. యూరపు రాజులకు ఇది కంటగింపుగా ఉండేది. నేరుగా మిరియం పుట్టిన చోటికే పోతే దళారి ఉండడు గదా అనుకున్నారు. దళారి బాధ రాజులకు కూడా తప్పలేదన్నమాట!

1492లో కొలంబస్ అనే నావికుడు పడమటికి ఓడలు నడిపాడు. ఇండియా చేరాలని ఆయన ఆశ. చేరింది మాత్రం అమెరికా దీవులకు. అక్కడి జనం ఎర్రటి కాయ తింటున్నారు. నోరు మండింది. ఇదీ ఒకరకం మిరియమే అనుకున్నారు వచ్చినవాళ్లు. ఆ కాయే మిరప. మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాల రైతులు దాన్ని వేల ఏళ్ల నుంచి పండిస్తున్నారు.

ఆ రైతుల గతి ఏమైందో కూడా చెప్పుకోవాలి. వచ్చినవాళ్లు భూములు గుంజుకున్నారు. వెండి గనుల్లో వాళ్లచేత వెట్టి చేయించారు. వాళ్లు ఎన్నడూ ఎరగని మశూచి రోగం ఓడల మీద వచ్చింది. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకు పోయాయి. కాయను మనకిచ్చిన జనానికి దక్కింది అది.

1498లో వాస్కో డ గామా కేరళలోని కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నారు. వాళ్ల ఓడల్లోనే మిరప గింజ మన దేశం వచ్చింది. దాన్ని ఊరూరా పంచింది మాత్రం ఏ రాజూ కాదు, ఏ కంపెనీ కాదు. మిరియం కొనాలంటే డబ్బు కావాలి. మిరపకాయకు పెరట్లో జానెడు చోటు చాలు. ఎండబెడితే ఏడాది నిలవ. పేదింటికి ఇంతకంటే ఏం కావాలి? ఒకరి గింజ ఒకరు అడిగి నాటుకున్నారు. మిరియం పేరే దానికీ పెట్టుకున్నారు.

అదొక్కటే కాదు. టమాటా, వేరుశనగ, మొక్కజొన్న, జామ, బొప్పాయి, పొగాకు, అన్నీ అమెరికా సరుకే. మాటలూ ఓడెక్కి వచ్చాయి. అల్మారా, బొత్తాం, మేస్త్రీ, ఇవి పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలు.

ఇక్కడినుంచి పోయినవీ ఉన్నాయి. మచిలీపట్నానికి 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. కలంకారీ బట్ట కొన్నారు. లవంగాలు, జాజికాయ పండే తూర్పు దీవులకు పట్టుకుపోయారు. అక్కడివాళ్లు బట్ట తీసుకొని సరుకు ఇచ్చేవాళ్లు. ఇంగ్లండులో కూడా ఆ అద్దకాల బట్ట మీద జనానికి మోజు పుట్టింది. అక్కడి నేతగాళ్లు మా బతుకు పోతోందని గోల పెట్టారు. 1700లో ప్రభుత్వం చట్టం చేసి ఆ బట్టను ఆపింది. తరవాత వందేళ్లకు కథ తిరగబడింది. అక్కడి మిల్లుబట్ట ఇక్కడికి వచ్చి మన మగ్గాలను ముంచింది. మన నేతగాళ్ల కోసం మాత్రం ఏ చట్టమూ రాలేదు.

మళ్లీ మిరప దగ్గరికి వద్దాం. ఇప్పుడు గుంటూరు యార్డు నుంచి మిరపకాయలు చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్, శ్రీలంక పోతున్నాయి. వచ్చిన కాయే తిరిగి ప్రయాణం కట్టింది. అయితే సరుకుతో పురుగూ తిరుగుతుంది. ఆగ్నేయ ఆసియాలో ఉండే నల్ల తామర పురుగు మన దేశంలో 2015లో మొదట బొప్పాయి మీద కనిపించింది. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటల మీద పడింది. పూతంతా తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. కౌలు రైతులు అప్పుల పాలయ్యారు.

ధర సంగతీ అంతే. బయటి దేశాలు కొనడం తగ్గిస్తే యార్డులో ధర పడిపోతుంది. 2025 మొదట్లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఈ కబురంతా పేపర్లో వచ్చింది. చదివినవాడికి తెలిసింది. చదవలేనివాడు దళారి చెప్పిన ధరే ధర అనుకున్నాడు.

కల్లంలో కాయలు ఏరేదీ తొడిమలు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. సాయంత్రానికి చేతులు మంటెత్తిపోతాయి. పసిబిడ్డను ఎత్తుకోవాలన్నా భయం. ఆ కాయ తిన్న దేశంలో ఈ చేతుల మంట ఎవరికీ తెలియదు.

టిక్కీలు యార్డుకు చేరాక కాటా వేస్తారు. ఒక చీటీ ఇస్తారు. చీటీలో తూకం ఉంటుంది, తాలు కాయల లెక్క ఉంటుంది, ధర ఉంటుంది, కమిషన్ ఉంటుంది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంటుంది. ఇన్నాళ్లూ అక్కడ వేలిముద్ర పడింది.