మన ఇంటి రంగు గచ్చు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడవలసినవారు మాట్లాడారు. ఆ విషయాల్లో నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. "మీరు కట్టడాల పనిలోనే జీవితమంతా గడిపారు కదా, ఇంటికి పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఈ మధ్య పొద్దుటి నడకలో కలిసిన మిత్రులు నన్ను తరచు అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మా ఇంట్లో పాత ఎర్ర గచ్చు పాలిపోయింది. పైన రంగు వేయించమంటారా? టైల్స్ వేయించమంటారా?" ఈ రోజు దానికే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు మనందరికీ తెలిసిన ఒక కట్టడం చూడండి. మన ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాదిరాయి వేశారు. 1939 డిసెంబరు 4న అది ప్రారంభమైంది. దాని గులాబీ ఛాయ ఎవరూ పూసింది కాదు, గ్రానైటు రాయిలోనే ఉంది. అందుకే ఎన్ని ఎండలు, ఎన్ని వానలు వచ్చినా వెలవలేదు. మామూలు సిమెంటుకు పుట్టుకతో వచ్చేది బూడిద రంగు ఒక్కటే. దానికి వేరే రంగు కావాలంటే మనమే ఇవ్వాలి. సిమెంటులో కలిసిన రంగు ఇంటితోపాటు ఉంటుంది, పైన పూసింది నాలుగు రోజులుండి పోతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

తార్నాక, హబ్సిగూడ వీధుల్లో మన విశ్వవిద్యాలయం వాళ్ళు, రైల్వేవాళ్ళు, పక్కనున్న పరిశోధనాలయాల ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలంలో గచ్చుకు మూడే దారులుండేవి. ఒకటి షాబాదు బండ. రెండోది మొజాయిక్. మూడోది ఎర్ర గచ్చు. పాలరాయి అప్పు మీద ఇల్లు కట్టేవాడి లెక్కలో ఉండేది కాదు. నేను 1979లో తార్నాకలో ఇల్లు కట్టినప్పుడు హాలుకు, వరండాకు ఎర్ర గచ్చు, చుట్టూ జానెడు నల్ల అంచు, పూజగదికి పచ్చ గచ్చు వేయించాను.

ఆ రంగులేమిటో చెబుతాను. ఎరుపు, పసుపు, నలుపు మూడూ ఇనుము ఆక్సైడులే. ఎర్రమట్టిని ఎర్రగా చేసేది కూడా ఆ ఇనుమే. పచ్చదనానికి క్రోమియం ఆక్సైడు వాడతారు. తడి సిమెంటులో సున్నపు క్షారం ఘాటుగా ఉంటుంది. ఆ ఘాటుకు, ఎండకు తట్టుకునేవి ఇటువంటి ఖనిజపు రంగులు. బట్టలకు వేసే అద్దకం రంగులు సిమెంటులో కలిపితే కొద్ది కాలానికే వెలిసిపోతాయి.

మా ఇంటికి పనిచేసిన మేస్త్రీ పాలమూరు మనిషి. బడికి పోయినవాడు కాదు. సిమెంటును, రంగు పొడిని పొడిపొడిగా కలిపి, చారలు కనబడనంతవరకు మళ్ళీ మళ్ళీ జల్లెడ పట్టించేవాడు. ఒక గదికి కావలసినదంతా ఒకేసారి కలిపేవాడు. రెండుసార్లు కలిపితే రెండు రంగులొస్తాయి కాబట్టి. కింద కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే పైన రంగు పూత వేసి, గురుమాలతో గంటలకొద్దీ రుద్దేవాడు. గచ్చు మెరుపు ఆ రుద్దడంలో వచ్చిందే. మర్నాడు గడపలకు మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాడు. పది రోజులు ఆ నీళ్ళు ఆరనివ్వకుండా చూసింది మా ఆవిడ.

రంగు పొడి సిమెంటు బరువులో పదో వంతుకు మించకూడదు. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది, నేను చదివాను కూడా. అయినా పడకగది మరింత ఎర్రగా ఉంటే బాగుంటుందనిపించి, దాదాపు రెట్టింపు వేయమన్నాను. మేస్త్రీ నా వైపు చూసి, "రంగు ఎక్కువైతే సిమెంటు పట్టుకోదు సారూ. కాళ్ళకు పారాణి పెట్టుకున్నట్టయితది" అన్నాడు. నేను ఇంజనీరును, అతను మేస్త్రీ. నా మాటే నెగ్గింది. రంగు పొడికి అతికే గుణం లేదు, అతికించేది సిమెంటే. పొడి ఎక్కువైనకొద్దీ పట్టు తగ్గుతుంది. గృహప్రవేశం నాడు ఆ గది చూసి అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చాలా ఏళ్ళు మా పిల్లల పాదాలు ఎర్రగానే ఉండేవి. "మీ ఇంజనీరింగు దుప్పట్లకు కూడా అంటుకుంది" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

రెండో పొరపాటు 2003లో మా అమ్మాయి పెళ్ళికి ముందు చేశాను. వరండాలో అక్కడక్కడ తెల్లటి పొర వచ్చింది. రంగు పోయిందనుకున్నాం. నిజానికి రంగు ఎక్కడికీ పోదు. సిమెంటులోని సున్నం చెమ్మతోపాటు పైకి వచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని పొరగా మారుతుంది. ఎరుపు దాని కిందే ఉంటుంది. చేయవలసిందల్లా చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూసి ఆపడం, పొడి బ్రష్షుతో రుద్ది మంచినీళ్ళతో కడగడం. నేను మాత్రం పెళ్ళి తొందరలో, బాత్‌రూము కడిగే యాసిడ్‌తో కడుగుతానన్న పనివాడికి సరే అన్నాను. బుస్సుమని పొంగింది. తెల్లపొరతోపాటు గచ్చు పై చర్మమంతా తినేసింది. ఇరవై నాలుగేళ్ళు మెరిసిన వరండా ఒక గంటలో గరుకుగా, మచ్చలు మచ్చలుగా తయారైంది.

దాన్ని కప్పిపుచ్చడానికి పైన ఎర్ర ఎనామెల్ పెయింటు వేయించాను. ఒక వానాకాలం దాటకముందే అప్పడాల్లా పొరలు లేచాయి. నూనెతో చేసిన పెయింటు, కిందనుంచి వచ్చే చెమ్మ, సిమెంటు క్షారం, ఈ మూడూ కలిస్తే సబ్బు వండినప్పుడు జరిగేదే అక్కడా జరుగుతుంది. ఆ తర్వాత మళ్ళీ ఏ పూతా వేయించలేదు.

ఇప్పుడు కొత్త పద్ధతులు వచ్చాయి. కార్లు నిలిపే చోట కాంక్రీటు మీద రాయి ముద్రలు అచ్చొత్తుతున్నారు, యాసిడ్ స్టెయిన్ అని రంగులు వేస్తున్నారు. అందులో ఆమ్లంలో కరిగించిన లోహ లవణాలు ఉంటాయి. అవి కాంక్రీటులోని సున్నంతో కలిసి, గోధుమ, తేనె, నీలిపచ్చ ఛాయలుగా లోపలే స్థిరపడతాయి. పూతకన్నా ఇది ఎంతో నయం. కాని రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఇది ఏ రంగూ వేయని కొత్త కాంక్రీటుకు, వేసి కనీసం ఒక నెల గడిచాక చేయవలసిన పని. మన పాత గచ్చుల్లో పైభాగాన ఉన్న సున్నం ఏనాడో గాలికి మారిపోయింది. పైగా ఏళ్ళ తరబడి పట్టించిన నూనె, మైనం ఉంటాయి. స్టెయిన్ సరిగా పట్టదు, పట్టినా మచ్చలుగా పడుతుంది. ఎవరైనా వేస్తామని వస్తే గచ్చు మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి చూడండి. ఇంకకుండా పూసల్లా నిలిస్తే రంగు కూడా ఇంకదు. ఇంకినా సరే, ముందు మంచం కింద ఒక మూల వేయించి చూడండి.

ఇక టైల్స్ మాట. మా ఆవిడ 2011లో మా అమ్మాయి అపార్టుమెంటులో, కొత్త నున్నటి టైల్స్ మీద తడి చూసుకోక జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. మన వయసువాళ్ళకు గచ్చు అందం కన్నా గచ్చు పట్టు ముఖ్యం. టైల్స్ తప్పదంటే గరుకు రకం అడిగి తీసుకోండి. పాత ఎర్ర గచ్చుకు కూడా మైనం దట్టంగా పట్టిస్తే అంతే ప్రమాదం. సబ్బునీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాక, నెలకోసారి కాస్త కొబ్బరినూనె గుడ్డతో పలచగా అద్ది, పొడిగుడ్డతో గట్టిగా తుడిచేస్తే చాలు. వేలితో రాస్తే జిడ్డు తగలకూడదు. స్నానాలగది గుమ్మం దగ్గర అదీ వద్దు. సన్నటి బీటలను అలాగే వదిలేయండి. అతుకు వేసిన చోట పాత ఎరుపూ కొత్త ఎరుపూ ఎన్నటికీ కలవవు.

మన వీధుల్లో పాత ఇళ్ళు ఒక్కొక్కటే అపార్టుమెంట్లవుతున్నాయి. మా పిల్లలు కూడా ఇంటిని బిల్డరుకు ఇచ్చేద్దామంటున్నారు. వాళ్ళ లెక్క వాళ్ళది. కాదనడానికి నా దగ్గర పెద్ద కారణం కూడా లేదు. మా ఆవిడ మాత్రం, "పది రోజులు నీళ్ళు కాపలా కాసిన గచ్చు. నేనున్నంతకాలం ఉండనివ్వండి" అంది. అంతవరకు ఆగుదామని వాళ్ళూ ఒప్పుకున్నారు.

కాబట్టి మిత్రులారా, మీ పాత గచ్చును పగలగొట్టించే ముందు, దాని మీద ఏదైనా పోయించే ముందు నాకొక మాట చెప్పండి. తార్నాకలో ఏ వీధైనా సరే, నడిచి వచ్చి చూసి చెబుతాను. ఫీజు ఒక కప్పు టీ, చక్కెర లేకుండా.