మందు మాన్పే మందులు: మనం తెలుసుకోవలసినవి



ఈ ఏడాది మన సంఘాల సమావేశాల్లో అప్పుల మాటతో పాటు తాగుడు మాట కూడా చాలాసార్లు వచ్చింది. కొందరు అక్కలు మెల్లగా ఇంకో మాట చెప్పారు: "ఏటి చేస్తాం, మాత్ర నూరి కూరలో కలిపేస్తన్నాం, ఆయనకి తెలీదు." ముందుగా దాని గురించే మాట్లాడుకుందాం.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్రల్లో ఒకటి డైసల్ఫిరామ్. అది వేసుకున్న మనిషి సారా తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టరు గుండె, లివరు చూసి, మనిషికి చెప్పి ఒప్పించాకే ఇస్తారు. తెలియని మనిషి సాయంత్రం మామూలుగానే తాగేస్తాడు. మంచికే కలిపినా అది మన చేత్తో పెట్టిన ముప్పే. కలపొద్దు.

మందులన్నీ ఒకే పని చెయ్యవు.

మొదటి రకం, మానిన తొలిరోజులకి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి. కొందరికి రెండు రోజుల్లోపే ఫిట్స్ వస్తాయి, తర్వాత లేనివి కనిపిస్తాయి. అది గాలి, దయ్యం కాదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రిలో లోరాజెపామ్ లాంటి మందు, బి1 విటమిన్ ఇస్తారు. లోరాజెపామ్ కొద్దిరోజులకే. ఎక్కువకాలం మింగితే దానికీ అలవాటు పడతారు. తాగి వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

రెండోది, తాగాలన్న కోరిక తగ్గించేవి: నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్.

మూడోది, దిగులుకి ఇచ్చేవి. ఇవి పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "పది రోజులు వాడాం, గుణం లేదు" అని ఆపెయ్యకూడదు.

నాలుగోది, లేని మాటలు వినబడటం, విపరీతమైన అనుమానం ఉన్నవారికి ఇచ్చేవి.

మనం డాక్టర్లం కాదు. మందు రాయలేం, ఆపమనీ చెప్పలేం. చీటీ జాగ్రత్త చెయ్యడం, తేదీకి తోడు వెళ్లడం, పక్కింటివాళ్ల మాత్రలు వాడనివ్వకపోవడం మన పని. ఫోన్‌లో సలహాకి టెలిమానస్ 14416, మత్తు అలవాట్లకి 14446 ఉన్నాయి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. దుకాణం మూయించడం ఒక పోరాటం. మానిన మనిషిని నిలబెట్టుకోవడం ఇంకోటి. అది దాచి చేసే పని కాదు, చెప్పి చేసేది.